సరిగ్గా రెండున్నర

(తొమ్మిదో భాగం)

పోయిన వారం మన లెక్కలమ్మాయిని ఆస్పత్రి రెండో అంతస్తు మెట్ల మీద వదిలేశాం. చేతిలో ఒక కాగితం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఆమెను కదిలించే ముందు, దారిలో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ఆ ఆస్పత్రిలో నాలుగేళ్ళుగా ఒక పరిశోధన నడుస్తోంది. గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకో మాత్ర ఇస్తే, బీపీ పెరిగి తల్లి ప్రాణం మీదికి రావడం, బిడ్డ బరువు లేకుండా పుట్టడం తగ్గుతాయా అన్నది ప్రశ్న. చేరిన ప్రతి ఆమె పేరున ఒక అంటించిన కవరు విప్పుతారు. లోపలి చీటీలో ‘మాత్ర’ అని ఉంటే మాత్ర ఇస్తారు. ‘మామూలు’ అని ఉంటే మామూలు పరీక్షలే. చివరికి రెండు గుంపుల్నీ పోల్చి చూస్తారు. ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని మన అమ్మాయిది. పుట్టిన ప్రతి బిడ్డనూ తూచి బరువు రాసే పని తూకాలమ్మది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతుల మీదుగానే ఆ ఊరి పిల్లలు లోకంలోకి వస్తున్నారు. మూడు నెలల కిందట, జిరాక్సు యంత్రంతో ఓపిగ్గా పోట్లాడుతున్న లెక్కలమ్మాయిని చూసి, “దీన్నే భరించిందంటే మావాణ్ణీ భరిస్తుంది” అని కొడుకుకి చేసుకుంది. అంటే తూకాలమ్మ ఇప్పుడు అత్తగారన్నమాట.

ఇక కాగితం. పిల్లల బరువుల్ని గీతలుగా గీస్తే మామూలుగా కొండలా వస్తుంది. నెమ్మదిగా ఎక్కి, నెమ్మదిగా దిగుతుంది. ఈ కొండ మధ్యలో మాత్రం ఒక స్తంభం లేచి నిలబడింది, సరిగ్గా రెండున్నర కిలోల దగ్గర. రెండు వందల పన్నెండు మంది పిల్లలు, గ్రాము అటూ ఇటూ కాకుండా రెండువేల ఐదువందలు. దానికి ఎడం పక్కన, యాభై గ్రాములు తక్కువలో, ఆరుగురే. కొండ పక్కనే గొయ్యి. ఆ రెండు వందల పన్నెండు బరువు చీటీల్లో నూట తొంభై మీద ఒకే సంతకం. పది గంటలకు బయటి నుంచి పరిశీలన కమిటీ వస్తోంది.

ఇప్పుడు తొమ్మిదీ పది. అమ్మాయి కదిలింది.

తూకం గది ప్రసవాల వార్డుకి ఆనుకుని, అల్మరాకి అన్నలా, గదికి తమ్ముడిలా ఉంటుంది. ఒక బల్ల, బల్ల మీద తూకం యంత్రం, గోడకి గడియారం, కిటికీలో వాన. ఫినాయిలు వాసన. అత్తగారు యంత్రం పళ్ళేన్ని స్పిరిట్ దూదితో తుడుస్తోంది. చంటివాడి వీపు రుద్దినంత మెత్తగా తుడుస్తుంది దాన్ని. కోడల్ని చూడగానే ఫ్లాస్కు మూత తిప్పింది.

“రా, రా. సగం నీకే ఉంచాను. ఏంటే, మొహం అలా వేలాడేశావు? పొద్దున్నే వాడితో గొడవా? తడి కాళ్ళతో ఇల్లంతా తిరగొద్దురా అని నేను పాతికేళ్ళు చెప్పాను, విన్నాడా? నువ్వు మూడు నెలలకే కూలబడితే ఎలాగమ్మా?”

“గొడవేం లేదత్తయ్యా.”

“రాత్రి కంచంలో కెలుకుతూ కూర్చున్నావు. నెల తప్పావేమో అనుకుని నాలో నేనే మురిసిపోయాను తెలుసా? వాడితో కూడా అనలేదు.”

“ఛ, అదేం కాదు.” ఇంకో రోజైతే సిగ్గుతో ఎర్రబడేది. మెట్ల మీద ఒకే కప్పులో టీ పంచుకుంటూ ఇలాంటి మాటలకి కిసుక్కున నవ్వుకోవడం ఆ ఇద్దరికీ రోజూ పండగ. ఇవాళ ఫ్లాస్కును పక్కకి జరిపింది. కాగితం బల్ల మీద పరిచింది. “ఇది చూడండి.”

“నాకు నీ గీతలు తెలియవు.”

“ఇది మీ గదే అత్తయ్యా. ఈ స్తంభం మీ తూకం.”

తూకాలమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. చూసిన మరుక్షణం చూపు తీసేసి దూది పట్టుకుంది. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది.

“యంత్రం పాతదైపోయింది. అక్కడక్కడా ఇరుక్కుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా మార్చరు.”

“ఇరుక్కోదు. నిన్న సాయంత్రం సెలైన్ సీసాలు పెట్టి చూశాను. రెండు కిలోల నాలుగువందల అరవై గ్రాములు పెడితే అదే చూపించింది. నాలుగువందల ఎనభై పెడితే అదే. ఇరవైసార్లు చూశాను.”

దూది ఆగిపోయింది. “నేను సెలవులో ఉన్న రోజు చూసి, నా వెనకాల నా తూకాన్ని పరీక్ష పెట్టావా?”

అమ్మాయి కాగితం అంచుని వేలితో నొక్కి సరిచేసింది.

“అడుగుతున్నాను. ఇంట్లో అత్తయ్యా, ఇక్కడికొస్తే ముద్దాయినా?”

“కాదత్తయ్యా. ఒక్కసారైనా తప్పు చూపిస్తే బాగుండునని, అది తప్పాలని దణ్ణం పెట్టుకుంటూ పెట్టాను సీసాలు. తప్పలేదు.”

వాన కిటికీ రేకు మీద పడుతోంది. పక్క వార్డులో ఎవరికో నొప్పులు. ఊపిరి పీల్చమని సిస్టరు అరుస్తోంది. తూకాలమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె కూర్చుని మాట్లాడటం ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు.

“రెండున్నరకి ఒక్క గ్రాము తగ్గినా బిడ్డని ఏం చేస్తారో నీకు తెలుసా?”

“వెచ్చ గదికి పంపుతారు. ఒకరోజు గమనిస్తారు.”

“కాగితం మీద చదివి చెప్తున్నావు. నేను చూసింది చెప్తా విను. పదకొండేళ్ళయింది. రెండు నాలుగువందల అరవై వచ్చాడు ఒక పిల్లాడు. నలభై గ్రాములు తక్కువ. నలభై గ్రాములంటే ఎంతనుకున్నావు? అరిగిపోయిన సబ్బుబిళ్ళ. ఎర్రగా, దుక్కలా ఉన్నాడు, గదంతా మోగేలా ఏడుస్తున్నాడు. రూలు రూలే కదా, రాశాను. తీసుకెళ్ళి వెచ్చ గదిలో గాజు పెట్టెలో పెట్టారు. తల్లికి నెత్తురు ఆగలేదు. నన్ను పట్టుకుని అడుగుతూనే ఉంది, ‘ఎవరి పోలికమ్మా, ముక్కు ఎలా ఉంది, జుట్టుందా’ అని. ఒక్కసారి తెచ్చి చూపిస్తానంటే లోపలివాళ్ళు రేపు అన్నారు. రేపు అన్నారే... ఆమెకి రేపు లేదు. నేను నోటితో చెప్పిన ముక్కే, నోటితో చెప్పిన జుట్టే. అంతే పట్టుకుపోయింది.”

అమ్మాయి కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు.

“ఆ తరవాత నా చెయ్యి నలభై గ్రాములు తక్కువ రాయనంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే కలిపాను. ఇరవై, ముప్ఫై, మహా అయితే డెబ్భై. తల్లి గుండెల మీద ఉంటే వాళ్ళు పెట్టే గాజు పెట్టెకన్నా వెచ్చగానే ఉంటుంది బిడ్డకి. నన్నడిగితే ఆ గీతే తప్పు. మనిషి గీసిన గీత. బిడ్డ దాన్ని చూసుకుని పుడుతుందా?”

“ఆ గీత మీద మా లెక్కంతా నిలబడింది. మాత్ర వేసుకున్నవాళ్ళ పిల్లల్లో రెండున్నర లోపు ఎంతమంది, వేసుకోనివాళ్ళలో ఎంతమంది. మీరు రెండు వైపులా చెరిపేశారు. నిజంగా మాత్ర పనిచేస్తున్నా లెక్కలో పనిచేయనట్టే కనిపిస్తుంది. ‘దండగ, ఆపెయ్యండి’ అంటారు. ఎంతమందికి అందకుండా పోతుందో.”

“లెక్కలు,” అంది తూకాలమ్మ, నొప్పిగా. “ఇంతమంది తల్లుల ఏడుపు ఆపాను. అది నీ గీతల్లో ఎక్కడా కనపడదేం?”

అమ్మాయికి ఇంకొక్క మాట చెప్పాల్సి ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ మాట గొంతులో చేపముల్లులా ఉంది. ఇల్లంతా పడుకున్నాక కూడా అదే గుచ్చింది. పక్కన మొగుడు చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, వాడి మొహంలో వాళ్ళమ్మ మొహం కనబడి, అటు తిరిగి పడుకుంది.

“మొన్న మూడో మంచం ఆవిడ బిడ్డని మీరే తూచారు కదా?”

“ఆ. మొదటి కాన్పు. మగపిల్లాడు. నన్ను పిన్నీ పిన్నీ అంటుంది. ఏం?”

“నిన్న తెల్లవారుజామున వాడికి ఫిట్స్ వచ్చాయి. ఒంట్లో చక్కెర ఇరవై రెండుకి పడిపోయింది. ఐసీయూలో ఉన్నాడు.”

తూకాలమ్మ మొహంలో ఏమీ కదల్లేదు. చేతిలో దూది మాత్రం నలిగి, స్పిరిట్ చుక్క నేల మీద పడింది.

“ఎంత రాశాను?”

“రెండున్నర.”

“రెండు మూడువందల తొంభై.” ఆమె గొంతు చాలా చిన్నదైపోయింది. “నూటపది కలిపాను. అంత ఎప్పుడూ కలపలేదే. ఆ పిల్ల రెండు చేతులూ చాచి ఉంది. ఇవ్వకుండా ఉండలేకపోయాను.”

“రెండున్నర లోపు పిల్లలకి మడమ పొడిచి చక్కెర చూస్తారు. పుట్టిన రెండు గంటలకి, ఆరు గంటలకి, మళ్ళీ పన్నెండుకి, మళ్ళీ మర్నాడు. వీడికి ఒక్కసారీ చూడలేదు. రెండున్నర ఉన్నాడు కదా అని.”

గడియారం తొమ్మిదీ ఇరవై ఐదు చూపిస్తోంది.

“బతుకుతాడా?”

“బతుకుతాడు. మెదడుకి ఏమైనా అయిందా అన్నది స్కాన్ తీస్తేగానీ చెప్పలేమంటున్నారు.”

తూకాలమ్మ గోడకేసి చూస్తూ అడిగింది. “యంత్రం తప్పని రాస్తే?”

ఆ ప్రశ్న వస్తుందని అమ్మాయి భయపడుతూనే ఉంది. బ్యాగు తెరిచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఇది నిజం. ఇది యంత్రం. తెల్లవారుజామున కూర్చుని రెండూ టైపు చేశాను. సీసాలు పెట్టి చూసిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఏది ఇవ్వాలో మెట్ల దాకా వచ్చినా తెలియలేదు అత్తయ్యా. మీకు ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. ఇంటికెళ్ళి ఆయన మొహం నేనెలా చూడను?”

తూకాలమ్మ రెండు కాగితాలూ చదవలేదు. యంత్రం మీదికి నెట్టిన కాగితం ఏదని అడిగి, దాన్ని నాలుగు మడతలు పెట్టి, చింపి, వాడిన దూది వేసే బకెట్లో పడేసింది.

“నా చేతికొచ్చిన జబ్బు నీ చేతికి అంటించను. నాకు జాలి, నీకు నా మీద జాలి. ఇలా పోతే ఈ ఆస్పత్రిలో నిజం రాసేవాళ్ళు మిగలరు.” లేచి నిలబడింది. మోకాలు పట్టేసినట్టుంది, బల్ల అంచు పట్టుకుంది. “కమిటీ సంగతి తరవాత. ముందు ఆ తల్లికి నా నోటితో నేను చెప్పాలి. రా. నువ్వు పక్కన ఉండు, లేకపోతే మధ్యలో మాట మారుస్తానేమో.”

మూడో మంచం కిటికీ పక్కన. బాలింత దిండుకి ఆనుకుని, ఐసీయూలో ఉన్న బిడ్డకి పంపడానికి చిన్న గిన్నెలోకి పాలు పిండుకుంటోంది. అడుగున రెండు చెంచాలు కూడా లేవు. అయినా ఆ పిల్ల వాటికేసి బంగారం చూసినట్టు చూస్తోంది. తూకాలమ్మను చూడగానే మొహం విప్పారింది.

“వచ్చారా పిన్నీ! నిన్నంతా మీకోసం అడిగాను. ఇదిగో, నిన్న చుక్క రాలేదు, ఇవాళ ఇన్ని వచ్చాయి. ట్యూబులో వేస్తే తాగాడట! సిస్టరు చెప్పింది.”

“మంచిదమ్మా.” తూకాలమ్మ మంచం అంచున కూర్చుని ఆ గిన్నెను తన చేతుల్లోకి తీసుకుని పక్కన పెట్టింది. “నేను చెప్పేది విను. విన్నాక తిట్టినా సరే, కొట్టినా సరే. నీ బిడ్డ బరువు రెండున్నర కాదు. రెండు మూడువందల తొంభై. నేనే ఎక్కువ రాశాను. నీ దగ్గర్నుంచి తీసుకుపోతారని. ఆ అంకె వల్లే వాడికి చెయ్యాల్సిన పరీక్ష చెయ్యలేదు. పరీక్ష చేసుంటే చక్కెర పడటం ముందే తెలిసేది. తప్పు నాది. యంత్రానిది కాదు, డాక్టర్లది కాదు. నాది.”

వార్డులో పంకా కిర్రుమంటోంది. బాలింత తల వంచుకుంది. అరుపు వస్తుందనుకుంది లెక్కలమ్మాయి, ఏడుపు వస్తుందనుకుంది.

“చూశాను పిన్నీ,” అంది బాలింత.

“ఏంటి?”

“ఎర్రగా రెండు, మూడు, తొమ్మిది, సున్నా. గది తలుపు తీసే ఉంది కదా. మీరు వెంటనే గుడ్డ కప్పేశారు. బయటికొచ్చి రెండున్నర అన్నారు. నేను నోరు మూసుకున్నాను. నన్నూ వాణ్ణీ విడదీయకుండా ఉంటే చాలనుకున్నాను.” చెంపల మీదుగా ధారలు కడుతున్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. “మీదొక్కరిదే అంటే ఎలా? తల్లిని నేను కదా.”

తూకాలమ్మ ఆ పిల్ల తల దగ్గరికి లాక్కుంది. ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో చెప్పడం కష్టం. కాసేపటికి బాలింత ముక్కు ఎగబీల్చి, లెక్కలమ్మాయికేసి భయంగా చూసింది.

“అక్కా, మీరే కదా మాత్రల లెక్క రాసేది? పిన్ని చెప్పేసింది కాబట్టి నేనూ చెప్తాను. కోప్పడరుగా?”

“చెప్పమ్మా.”

“మేం తోడికోడళ్ళం ఇద్దరం. నాకు నాలుగో నెల రాగానే నేను చేరాను, నెల తిరక్కుండా మా చెల్లి కూడా చేరింది. చెల్లంటే మా మరిది భార్య. నా కవర్లో మాత్ర వచ్చింది, దాని కవర్లో రాలేదు. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, నాకొక్కదానికే మందుంటే నాకు ముద్ద దిగుతుందా అక్కా? ఒకరోజు నేను, ఒకరోజు అది. అలా పంచుకున్నాం. మీరు డబ్బాలో లెక్కపెట్టినప్పుడు అన్నీ సరిపోయేవి కదా!” అమాయకంగా, కొంచెం గర్వంగా కూడా అంది.

లెక్కలమ్మాయి తల తిరిగింది. స్తంభం ఒక్కటే తప్పు అనుకుంది. కొండే ఇసుక. ఒకే ఇంట్లో ఇలా జరిగితే ఇంకెన్ని ఇళ్ళలో? మాత్ర ఉన్న గుంపు సగమే వేసుకుంటే, లేని గుంపు దొంగచాటుగా సగం వేసుకుంటే, నాలుగేళ్ళ పోలిక దేనితో దేన్ని పోల్చినట్టు? కమిటీ ముందు పెట్టాల్సింది ఒక్క సంతకం కాదని, అత్తగారి పాపం కన్నా పెద్దది ఏదో తన చేతిలో పడిందని అర్థమవుతోంది.

తూకాలమ్మకి లెక్కలు పట్టలేదు. ఆమె చెవి ఇంకోచోట ఆగింది.

“మీ చెల్లికి ఎన్నో నెల?”

“ఎనిమిది నిండుతోంది.”

“ఎలా ఉంది?”

“బానే ఉంది పిన్నీ. నేనిక్కడికొచ్చి నాలుగు రోజులైంది కదా, డబ్బా నాతోనే వచ్చేసింది, దానికి మాత్రల్లేవు. నిన్నటి నుంచి తలనొప్పంటోంది. ఉంగరం బిగుసుకుపోయిందని సబ్బు రాసి తీసుకుందట. పొద్దున ఫోన్లో ఒకటే నవ్వు, ‘అక్కా, పట్టపగలే నా కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయే’ అని.”

తూకాలమ్మ లేచి నిలబడింది. ఇందాకటి మోకాలి నొప్పి ఏమైందో.

“ఫోన్ చెయ్యి. ఇప్పుడే.”

“ఎందుకు పిన్నీ? అది...”

“బీపీ బాగా ఎక్కితేనే కళ్ళ ముందు అలా మెరుస్తాయి, చెయ్యవే!”

గుమ్మంలో ఒక సిస్టరు తొంగి చూసింది. “ఇక్కడున్నారా మేడమ్! కమిటీ ముందే వచ్చేసింది. పెద్ద డాక్టరమ్మ మీ కాగితాలతో వెంటనే రమ్మంటున్నారు.” లెక్కలమ్మాయి చెయ్యి ఎత్తి ఆగమంది. బాలింత నంబరు నొక్కి, ఫోన్ స్పీకర్లో పెట్టి దుప్పటి మీద ఉంచింది.

నాలుగుసార్లు మోగాక పెద్దావిడ గొంతు. “ఎవరూ? నువ్వా అమ్మాయ్? బాబెలా ఉన్నాడు?”

“అత్తయ్యా, చెల్లేది?”

“పడుకుంది. పొద్దున వాంతి చేసుకుని, తల పగిలిపోతోంది, వెలుగొద్దు, తలుపెయ్యండి అంది. కాసేపు పడుకోనియ్యి.”

తూకాలమ్మ ఫోన్ మీదికి వంగింది. “అమ్మా, నేను ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాను. ఆ పిల్లని లేపండి. ఫోన్ చేతిలోనే పట్టుకుని గదిలోకి వెళ్ళండి.”

“ఇప్పుడే కదా కళ్ళు మూసింది...”

“లేపండమ్మా, మీకు పుణ్యముంటుంది!”

చెప్పుల చప్పుడు. తలుపు గడియ. “ఏమ్మాయ్... ఏమ్మాయ్, లే, ఎవరో ఆస్పత్రి నుంచట.” తరవాత పెద్దావిడ గొంతు, అయోమయంగా, ఎవర్నీ ఉద్దేశించకుండా:

“ఇదేంటి... మంచం ఎందుకిలా ఊగుతోంది?”

అప్పుడు ముగ్గురికీ వినబడింది. ఫోన్లోంచి, టకటకా, టకటకా, మంచం కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు.